సంగదాసుకి ఎన్ని మార్కులు?

మా రోజుల్లో పాఠం చెప్పడానికి మాస్టారికి గొంతు ఉంటే సరిపోయేది. ఇప్పుడు గోడకో పెద్ద తెర కావాలి, తెరకు కరెంటు కావాలి, కరెంటుంటే నెట్టు రావాలి, అన్నీ కుదిరిన రోజున ఏదో ఒక పరీక్ష ఉంటుంది. పల్నాటి జిల్లా పరిషత్ హైస్కూళ్లలో తెలుగు పండితుడిగా చేసి, రిటైరై, పిడుగురాళ్లలో ఇల్లు కట్టుకున్నవాణ్ణి. బడిలో సుద్దముక్కల పొడి, బయట సున్నం బట్టీల దుమ్ము పీల్చీ పీల్చీ ఉన్నాను, నా ఊపిరితిత్తులకు వేరే వెల్ల వెయ్యక్కర్లేదు. అయినా నవలలో పది పేజీలు ఏకబిగిన ఇప్పటికీ పైకి చదవగలను. వినేవాడేడీ?

అడిగింది ఒక్కతే, అదీ టెక్సాస్ నుంచి. మా మనవరాలు అక్కడ తొమ్మిదో తరగతి. వాళ్ల ఇంగ్లీషు టీచరు ఈ ఏడు క్లాసులో 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్' చెబుతోందట. హార్పర్ లీ రాసిన నవల. 1960లో వచ్చింది, మరుసటేడు పులిట్జర్ బహుమతి తెచ్చుకుంది. 1930ల్లో అలబామా రాష్ట్రంలో ఒక చిన్న ఊరు, స్కౌట్ అనే ఆడపిల్ల చెప్పే కథ. తండ్రి ప్లీడరు. చెయ్యని నేరం నెత్తిన పడ్డ టామ్ రాబిన్సన్ అనే నల్లజాతి మనిషి తరఫున ఆయన వాదిస్తాడు. న్యాయం ఎటుందో కోర్టుకొచ్చిన పిల్లలకు కూడా తెలిసిపోతుంది, తీర్పు చెప్పే జూరీకి మాత్రం తెలియదు. ఆ పుస్తకం మీద మా పిల్ల వ్యాసం రాయాలి. ఆదివారం ఫోనులో, "తాతయ్యా, నువ్వు టీచర్‌వి కదా, మీ స్కూల్లో పిల్లలకు ఇలాంటి నవల ఉండేదా?" అని అడిగింది.

లేకేం తల్లీ, 'మాలపల్లి' ఉండేది అన్నాను. ఇక్కడి మనవడు, పన్నెండో తరగతి, నా పక్కనే కూర్చుని తన ఫోను చూసుకుంటున్నవాడు, తలెత్తి, "అదెక్కడ తాతయ్యా? నరసరావుపేట దగ్గరా?" అన్నాడు.

వాణ్ణి అని లాభం లేదు. ఈ తాలూకాలో నూటికి తొంభైమంది అదే అడుగుతారు. తమాషా ఏమిటంటే ఆ నవల పుట్టడంలో పల్నాడుకూ వాటా ఉంది. ఉన్నవ లక్ష్మీనారాయణ సత్తెనపల్లి వైపు వేములూరుపాడులో 1877లో పుట్టినవాడు. డబ్లిన్ వెళ్లి బారిస్టరు చదివి గుంటూరు వచ్చాడు. 1921లో ఇక్కడ అడవి పుల్లరి పన్ను గొడవ లేచినప్పుడు రైతుల పక్షాన వచ్చి జైలుపాలయ్యాడు. ఆ గొడవలోనే 1922 ఫిబ్రవరిలో మించాలపాడు దగ్గర కన్నెగంటి హనుమంతును కాల్చి చంపారు. హనుమంతు పేరు మా మనవడికి తెలుసు, విగ్రహాలున్నాయి కనక. రాయవెల్లూరు జైల్లో కూర్చుని ఉన్నవ రాసిన నవలకు ఎవరు విగ్రహం పెడతారు?

మాల రామదాసు కొడుకు సంగదాసు మోతుబరి చౌదరయ్య దగ్గర పాలేరు. చౌదరయ్య కొడుకు రామానాయుడుకు వాడు ప్రాణస్నేహితుడు. కూలి తగాదాలో సంగడు కూలివాళ్ల వైపు నిలబడతాడు. కోపం పట్టలేక చౌదరయ్య కొట్టిన దెబ్బకు చచ్చిపోతాడు. నవల అక్కడితో ఆగదు, ఇంకా చాలా దూరం నడుస్తుంది, 'సంగవిజయం' అని దానికి మరో పేరు కూడా ఉంది. 1922లో అచ్చయితే మరుసటేడే మద్రాసు సర్కారు నిషేధించింది. తర్వాత ఏవో మార్పులతో వదిలారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం వాళ్లు పాఠ్యగ్రంథంగా పెడదామనుకునేసరికి 1936లో మళ్లీ నిషేధం. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చాకే అది పోయింది. చూశారా, బీరువాలో ఉన్నంతసేపు ఓర్చుకున్నారు, క్లాసుగదిలోకి వస్తుందనగానే దొరలకు చెమటలు పట్టాయి. మనవాళ్లకు నిషేధించే శ్రమ కూడా లేదు. సిలబస్‌లో పెట్టకపోతే సరి.

మా రోజుల్లోనూ హైస్కూలు సిలబస్‌లో అది లేదులెండి. ఆ మాట ఒప్పుకోవాలి. ఉపవాచకమని ఏదో పలచటి పుస్తకం ఉండేది, అది దసరాకే అయిపోయేది. కానీ మాకు లీజరు పీరియడ్లు ఉండేవి, రాని మాస్టర్ల పీరియడ్లు ఉండేవి, వానొస్తే డ్రిల్లు పీరియడ్డు ఉండేది. వాటిని ఎవరూ లెక్క అడిగేవారు కాదు. లైబ్రరీ బీరువాలోంచి చెద దులిపి మాలపల్లి తీసుకొచ్చి తొమ్మిదో తరగతికి చదివేవాణ్ణి. వివరించడం, నోట్సు చెప్పడం ఏమీ లేవు, చదవడమే. గుంటూరు సీమ మాటే కనక పిల్లలకు నిఘంటువుతో పని పడలేదు. ఇళ్లలో వినే మాట పుస్తకంలోంచి వస్తుంటే మొదట్లో పకపకా నవ్వేవాళ్లు.

కొంతకాలానికి నా గొంతుకు విశ్రాంతి కావాలని పాత్రలు పంచాను. ఇక్కడ నేనొక కొంటెపని చేశాను. రామదాసు మాటలు మోతుబరి ఇంటి అబ్బాయికిచ్చాను. చౌదరయ్య మాటలు పల్లె నుంచి వచ్చే కుర్రాడికిచ్చాను. పల్లె అంటే మా వైపు ఏమిటో విడమరచి చెప్పక్కర్లేదు. ఆ పల్లె కుర్రాడు చౌదరయ్యను చదివిన తీరు నేనింకా మరిచిపోలేదు. కుడికాలు కొంచెం ముందుకు పెట్టి, తువ్వాలు భుజం మీద సర్దుకుంటున్నట్టు చెయ్యి తిప్పి, ఒక్క పిలుపు పిలిచాడు. క్లాసు క్లాసంతా ఉలిక్కిపడింది. వాడు దాన్ని ఏ పుస్తకంలోనూ నేర్చుకోలేదు. వాళ్ల నాన్న పనిచేసే ఇంటి అరుగు ముందు నిలబడి నేర్చుకున్నాడు.

మర్నాడు మోతుబరి గారు బడికొచ్చారు. మిరప కోతల రోజులు. కల్లం నుంచి తిన్నగా వచ్చినట్టున్నారు, ఆయన తువ్వాలు దులిపేసరికి నాకూ ఆయనకూ కూడా తుమ్ములు. "ఏందయ్యా పంతులూ, మావాడి చేత మాలదాసరి మాటలు చెప్పిస్తున్నావంట?" అన్నారు. నాటకంలో రావణాసురుడి వేషం వేసినవాడు రాక్షసుడైపోతాడా అండీ అన్నాను. "రావణాసురుడు వేరు" అన్నారాయన. ఆ ముక్కకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. హెడ్మాస్టరు గారు పిలిపించారు. సిలబస్‌లో ఉందా? లేదండీ. పరీక్షలో వస్తుందా? రాదండీ. మరెందుకు? ఊరికే అండీ. ఆయన పాతకాలపు మనిషి, కాసేపు కళ్లజోడు తుడుచుకుని, "సరే, కిటికీలు మూసి చెప్పుకో" అన్నారు. ఫాల్గుణమాసం ఎండలో, పల్నాట్లో, కిటికీలు మూసిన గదిలో మేం మాలపల్లి చదివాం. ఇప్పటి పిల్లలు ఏసీ బస్సులో బడికెళ్లి చెమట పట్టిందంటారు.

అదే పిల్లలకు అంతకు ముందు 'ఏడు తరాలు' చదివాను. అలెక్స్ హేలీ 'రూట్స్'కి సహవాసి తెలుగు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది, 1980లలో చేతులు మారీ మారీ అట్టలూడిన పుస్తకం. ఆఫ్రికాలో ఢోలు చేసుకుందామని కర్ర కొట్టుకోవడానికి వెళ్లిన కుర్రాణ్ణి పట్టుకుపోయి, ఓడలో గొలుసులేసి తీసుకెళ్లి, పేరు కూడా తీసేసి టోబీ అని పిలిచి, పారిపోతే పాదం నరికేస్తారు. ఆ రోజు క్లాసులో అందరూ ఏడ్చారు. మోతుబరి పిల్లాడు అందరికంటే ఎక్కువ ఏడ్చాడు, తెల్లవాళ్లను నోటికొచ్చినట్టు తిట్టాడు. ఇంటికెళ్లి చెప్పాడు కూడా. ఏ తండ్రీ బడికి రాలేదు. కుంటా కింటే కోసం ఊరు ఊరంతా ఏడవచ్చు, ఎవరి అరుగూ కదలదు. సంగదాసు చచ్చిపోయిన రోజున మాత్రం ఏడ్చినవాడు లేడు. అందరూ బల్లల మీది గీతలు చూస్తూ కూర్చున్నారు. చాలాసేపటికి ఆ మోతుబరి పిల్లాడే, "రామానాయుడు వాళ్ల నాన్నతో తర్వాత మాట్లాడాడా మాస్టారూ?" అని అడిగాడు.

అదీ ప్రశ్నంటే. ఏ గైడులో ఉందో చూపించండి.

పిల్లల చేత అలాంటివి అడిగించడానికే నవల ఉంది. స్కౌట్ అయినా అంతే. పెద్దవాళ్లకు అలవాటైపోయి కంటికి ఆనని దాన్ని పిల్లలు చూసి, ఇదేంటి అంటారు. ఆ ఇదేంటి అనే వయసు చాలా కొద్ది రోజులు. తొమ్మిది, పది తరగతులతో ఆఖరు. తర్వాత వాడూ మనలాగే తెలివిమీరిపోతాడు. ఇంటర్లో చెప్పుకోవచ్చులే, డిగ్రీలో చదువుతారులే అనేవాళ్లకు ఈ సంగతి ఎక్కదు.

1985 జులై 17న కారంచేడు జరిగింది. మంచినీళ్ల చెరువు మురికి చేస్తున్నారని అడిగిన పాపానికి మొదలైన గొడవ, ఆరుగురు దళితులను చంపేశారు. బళ్లు తెరిచి కొత్త క్లాసులు మొదలైన రోజులవి. పేపర్లు మా బడికి మధ్యాహ్నానికి వచ్చేవి. పిల్లలే చదివేసుకున్నారు. మామూలుగా కలిసి కూర్చునే క్లాసు, ఎవరూ చెప్పకుండానే బెంచీలు మారిపోయి ఇటొక జట్టు, అటొక జట్టు అయింది. నేను పుస్తకం బల్ల మీద పెట్టి వ్యాకరణం చెప్పుకుంటూ గడిపాను, సవర్ణదీర్ఘ సంధి ఎవరికీ కోపం తెప్పించదు కనక. ఓ రోజు వెనక బెంచీ నుంచి ఒకడు లేచి, "ఆపారేం సార్, చదవండి" అన్నాడు. చదివాను. ఆరేళ్లు తిరిగేసరికి చుండూరులో మళ్లీ దళితుల ఊచకోత, 1991 ఆగస్టు. అప్పటి పిల్లలకూ చదివాను. నవల చదివితే ఊళ్లు బాగుపడతాయని నేనెప్పుడూ అనుకోలేదు. కానీ పేపర్లో వచ్చిన ఊరి పేరు వెనక మనుషులు ఎట్లా ఉంటారో నా క్లాసుకు తెలుసు.

ఇప్పటి సంగతికి వద్దాం. పదో తరగతి ఉపవాచకం రామాయణం. నాకు రామాయణంతో పేచీ లేదు, నా జీవితమంతా పద్యాలు చెప్పుకు బతికినవాణ్ణి. కానీ దాన్ని కూడా వీళ్లు బిట్లు చేసేశారు. కాండలు వరసలో పెట్టండి, ఈ మాట ఎవరు ఎవరితో అన్నారు, పాత్ర స్వభావం ఎనిమిది వాక్యాల్లో రాయండి. నవల చేతికిస్తే దాన్నీ అట్లాగే కైమా కొడతారు. ఎనిమిదో తరగతి పిల్లలకు 2022 డిసెంబరులో ట్యాబులిచ్చారు, సంతోషం. అందులో లెక్కలున్నాయి, సైన్సుంది. ఒక పూర్తి నవల ఉందా అని ఓ పిల్లాణ్ణి అడిగితే, "గేములున్నాయి తాతా, లాక్ తీస్తే" అన్నాడు.

మావాడు చదివేది సీబీఎస్ఈ. వాడి పన్నెండో తరగతి ఇంగ్లీషు పుస్తకం 'విస్టాస్'లో 'మెమరీస్ ఆఫ్ చైల్డ్‌హుడ్' అని ఒక పాఠం ఉంది. చదివి ఆశ్చర్యపోయాను. రెండు బాల్యాలు పక్కపక్కన పెట్టారు. అమెరికాలో ఆదివాసీ పిల్ల జిట్కాలా-షాను హాస్టలు బళ్లో కట్టేసి జుట్టు కత్తిరించడం ఒకటి. తమిళ రచయిత్రి బామా చిన్నప్పటి ముచ్చట రెండోది. బడి నుంచి వస్తూ వస్తూ బజారంతా చూస్తూ నడిచే పిల్ల, వాళ్ల వీధి పెద్దాయన ఒకాయన పొట్లాన్ని దారంతో పట్టుకుని, ముట్టుకోకుండా, అంత దూరాన వేలాడేసుకుంటూ తీసుకెళ్లి మోతుబరికివ్వడం చూస్తుంది. నవ్వొస్తుంది ఆ పిల్లకు. ఇంటికెళ్లి అన్నకు చెప్పి నవ్వుతుంది. అన్న నవ్వడు. ఎందుకో చెబుతాడు. అంత బంగారంలాంటి పాఠం.

"ఇదేం చెప్పార్రా మీ సారు?" అన్నాను. "బోత్ ఆర్ విక్టిమ్స్ ఆఫ్ డిస్క్రిమినేషన్. ఐదు మార్కుల క్వశ్చన్ తాతయ్యా, పాయింట్లు ఇచ్చారు." పొట్లం దారం పట్టుకుని ఎందుకు తెచ్చాడు? "అంటుకోకూడదని." ఎవరంటుకోకూడదని? ఎక్కడ? మన దగ్గర కూడానా? "నోట్సులో అంతవరకే ఉంది."

ఒళ్లు మండి చెప్పాను. ఒరే, మా పాత ఊళ్లో ఇంటి వెనక వసారా చూర్లో ఒక గ్లాసు దోపి ఉండేది. పాలేరు వచ్చి అది తీసుకుని ఒగ్గితే మీ ముత్తవ్వ అంతెత్తు నుంచి మజ్జిగ పోసేది. తాగి, కడిగి, మళ్లీ చూర్లో దోపి వెళ్లేవాడు. టీ కొట్టులో కూడా వాళ్లవి వేరే గ్లాసులు. మా రోజులు మంచివని ఎవడన్నా అంటే నమ్మకు, నేనన్నా సరే. మా రోజుల్లో పాఠం మంచిగా చెప్పేవాళ్లం, అంతవరకే నా గొప్ప. వాడు ఫోను జేబులో పెట్టి, "మన ఇంట్లోనా? ఆ గ్లాసు ఇప్పుడెక్కడుంది?" అన్నాడు. ఇల్లే లేదురా, గ్లాసెక్కడిది అన్నాను. కానీ చూడండి, నోట్సులో లేని ప్రశ్న ఒకటి వాడి నోటి నుంచి వచ్చింది. ఎవడో ఇంట్లో ముసలాడు విసుక్కుంటే వచ్చింది గానీ, వేలకు వేలు ఫీజు కట్టిన బడిలో రాలేదు.

మాస్టర్ల తప్పూ పూర్తిగా కాదులెండి. నా దగ్గర చదువుకుని టీచరైన ఒకతన్ని అడిగాను, ఎందుకురా చెప్పవు అని. "ఎవడో వీడియో తీసి వాట్సాప్‌లో పెడతాడు మాస్టారూ. సాయంత్రానికి రెండు కులసంఘాలూ నా మీదే పడతాయి" అన్నాడు. నిజమే. నన్ను తిట్టాలంటే మోతుబరి గారు కల్లం వదిలి, ఎండన పడి, బడిగేటు దాకా నడిచి రావలసొచ్చింది. ఆ నడకలో సగం కోపం చల్లారేది. ఇప్పుడు మంచం మీద పడుకునే తిట్టొచ్చు. అప్పుడు కులం బావి దగ్గర ఉండేది, చూర్లో ఉండేది, దాచుకోవాలన్న సిగ్గు ఎవరికీ లేదు సరే. ఇప్పుడు బండి నంబరు ప్లేటు మీద వెండిరంగు అక్షరాల్లో వేయించుకుంటున్నారు. పిల్లలే! అద్దంకి–నార్కెట్‌పల్లి రోడ్డు మీద గంటసేపు నిలబడితే మన కులాల జాబితా మొత్తం కంఠతా వస్తుంది. క్లాసులో మాత్రం ఆ మాట ఎత్తకూడదు, పిల్లలు చెడిపోతారు.

కారెంపూడి వీరుల ఉత్సవాలకు వెళ్లి బ్రహ్మనాయుడి చాపకూడు గురించి మైకులో గొప్పలు చెప్పుకునేదీ మనమే. అన్ని కులాలనూ ఒక చాప మీద కూర్చోబెట్టాడు, మాల కన్నమదాసును సేనాపతిని చేశాడు అని పల్నాటి పిల్లవాడు ప్రతివాడూ చెబుతాడు. 2003లో మన బళ్లలో మధ్యాహ్న భోజనం పెట్టినప్పుడు, వంట ఎవరు చేస్తున్నారో కనుక్కుందామని గోడ పక్కన తచ్చాడిన తల్లిదండ్రులను నా కళ్లతో చూశాను. ఎనిమిది వందల ఏళ్ల కిందటి చాప మీద కూర్చోవడం తేలిక.

మనవరాలు ఇంకో సంగతి చెప్పింది. ఆ మాకింగ్‌బర్డ్‌ను అమెరికాలోనూ బళ్లలోంచి తీసేస్తున్నారట. చదివి చూస్తే నిజమే. 1966లో వర్జీనియాలో హానోవర్ కౌంటీ బోర్డు తీసేసింది, హార్పర్ లీ మండిపడి అక్కడి పత్రికకు ఉత్తరం రాసింది. 2017లో మిసిసిపీలో బిలాక్సీ వాళ్లు, భాష ఇబ్బందిగా ఉందని ఎనిమిదో తరగతి నుంచి తొలగించారు. 2022లో వాషింగ్టన్ రాష్ట్రంలో మకిల్టియో వాళ్లు తొమ్మిదో తరగతిలో తప్పనిసరి జాబితా నుంచి తీశారు. అక్కడ ఫిర్యాదు టీచర్ల నుంచే వచ్చింది, నల్లపిల్లలను ఆ మాటలు నొప్పిస్తున్నాయని, కథలో మంచివాడు మళ్లీ తెల్లాయనేనని. ఈ చివరి మాటలో పస ఉంది. ఉన్నవ వారి మీదా ఆ మాట అనొచ్చు, ఆయనా పై కులంవాడే. అందుకే ఆయనతో ఆపకూడదు. వినుకొండలో పుట్టిన జాషువా చిన్నతనం 'నా కథ'లో ఉంది, వేజండ్లలో పుట్టిన కొలకలూరి ఇనాక్ 'ఊరబావి' ఉంది, జి. కళ్యాణరావు 'అంటరాని వసంతం' ఉంది. అన్నీ మన చుట్టుపక్కల మట్టిలోంచి, చాకిరీ చేసినవాళ్ల ఇళ్లలోంచి వచ్చినవే. ఒకటి చదివితే ఇంకొకటి అడుగుతారు పిల్లలు, చదివితే.

అందుకని నాకొక ఉపాయం తోచింది. మాలపల్లిని బిలాక్సీకి పంపుదాం, మాకింగ్‌బర్డ్‌ను పిడుగురాళ్లకు తెచ్చుకుందాం. వాళ్ల పిల్లలు చౌదరయ్యను తిడతారు, మన పిల్లలు అలబామా జూరీని తిడతారు. రెండు చోట్లా ఏ తండ్రీ బడిగేటు దాకా రానక్కర్లేదు. మా మనవరాలికి చెబితే ఎమోజీ పెట్టింది. నవ్వో, జాలో తెలియలేదు.

ఇంకోటి కూడా చెప్పి వదిలేస్తాను. మా రోజుల్లో మిరప కోతలొస్తే క్లాసులో సగం బెంచీలు ఖాళీ. ఇప్పుడు హాజరు బాగుంది, రిజిస్టరు నిండుగా ఉంది. కోతలకు మాత్రం కర్నూలు పైనుంచి కుటుంబాలు వస్తున్నాయి, చేల గట్ల మీద పట్టాల కింద ఉంటున్నాయి, పిల్లలతో సహా. సంగదాసు ఈడు కుర్రాళ్లు అక్కడున్నారు, వాళ్ల బడి ఎక్కడో ఉంది. కాబట్టి రేపు ఏ మాస్టారన్నా నా మాట విని మాలపల్లి తీసినా, చౌదరయ్యను చదవడానికి నాకు దొరికిన కుర్రాడు ఆయనకు దొరకడు.

పాఠ్యపుస్తకాలు తయారుచేసే పెద్దలు ఎవరన్నా ఇది చూస్తే ఒకటే మనవి. మాలపల్లి మొదటి భాగం తొమ్మిదో తరగతికి పెట్టండి. వారానికి ఒక పీరియడ్డు, మాస్టారు పైకి చదవాలి, పిల్లలు వినాలి. కిటికీలు తెరిచే ఉంచొచ్చు. పరీక్షలో మాత్రం దయచేసి ఒక్క ప్రశ్న కూడా అడగొద్దు. అడిగారంటే, దీపావళి లోపల విజయవాడలో గైడు అచ్చయి పిడుగురాళ్ల బస్టాండుకు దిగుతుంది: సంగదాసు పాత్ర స్వభావము, ఎనిమిది మార్కులు, చాలా ముఖ్యం, మూడు చుక్కలు.